గోధుమ రవ్వ, కార్బన్ కాగితం

షుగర్ ఉందని తేలాక డాక్టరుగారు రాత్రిపూట అన్నం మాని గోధుమ రవ్వ తినమన్నారు. కోడలు సూపర్ మార్కెట్ నుంచి అరకిలో ప్యాకెట్ తెచ్చింది. మీద 'దలియా' అని రాసి ఉంది. ధర చూస్తే మేం తినే సన్నబియ్యం కంటే ఎక్కువ. ఎసరు మరిగాక రవ్వ పోసి మూత పెట్టాను. కాసేపాగి మూత తీశానో లేదో ఆవిరి ముఖాన కొట్టింది. గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది.

ఆ వాసన నాకు తెలుసు. తెనాలి ప్రాంతంలో మా ఊళ్లో, గుడి (మేం చర్చిని గుడి అనే అంటాం) వెనక రేకుల వసారాలో, పెద్ద గుండిగలో ఉడికే రవ్వ వాసన.

"ఏంటత్తయ్యా, అలా నిలబడ్డారు?" అంది కోడలు.

"ఇది మేం చిన్నప్పుడు ఊరికే తిన్నాం" అన్నాను. ఊరికే అంటే డబ్బులివ్వకుండా అనుకుని నవ్వింది. అంత ఊరికేం కాదు.

*

మా నాన్న ఉపదేశి. విచారణ గురువులు, అంటే మా చర్చి ఫాదర్ గారు, మా ఊళ్లోనే ఉండేవారు కానీ చుట్టుపక్కల పదకొండు ఊళ్లు ఆయన కిందే. ఆయన పోలేని ఊళ్లకు నాన్న సైకిలు మీద పోయేవాడు. జపాలు నేర్పడం, జ్ఞానస్నానాలకు పిల్లల్ని సిద్ధం చేయడం, ఎవరైనా అవసాన దశలో ఉంటే ఫాదర్ గారికి కబురు తేవడం ఆయన పని. జీతం తక్కువ. కోతలప్పుడు ఇంటింటికీ ఇంత అని వడ్లు ఇచ్చేవాళ్లు.

తెల్లవారుజామున గుడి గంట కొట్టేదీ నాన్నే. పండగ గంట ఒకలా, చావు గంట ఒకలా ఉండేవి. చావు గంట మోగితే మా అమ్మ చేతిలో చీపురు ఆపి, ఒక పరలోక జపం చెప్పుకుని, అప్పుడు "ఎవరో పాపం" అనేది.

రవ్వ, పాలపిండి, నూనె వచ్చే రోజు మాత్రం గంటతో పని లేదు. లారీ కాలవగట్టు మలుపు తిరిగితే చాలు, మా దళిత పేటంతా తెలిసిపోయేది. బస్తాల మీద రెండు చేతులు కలిపి పట్టుకున్న బొమ్మ, దాని కింద ఇంగ్లీషు అక్షరాలు. అమెరికా ప్రజలు ఇచ్చినది, అమ్మరాదు అని రాసుందని నాన్న చదివి చెప్పేవాడు. సంతలో చాటుగా అమ్మేవాళ్లూ ఉన్నారనుకోండి, ఆ సంగతి వేరు. ఖాళీ బస్తా మాకు బంగారం. గంజి పోయేదాకా ఉతికి, ఎండేసి, అమ్మ తమ్ముడికి నిక్కర్లు కుట్టేది. నూనె డబ్బాలకు తీగ కట్టి బావి దగ్గర నీళ్లు మోసేవాళ్లం.

సిస్టరమ్మ చిన్న డబ్బాతో పాలపిండి కొలిచి పోసేది. ఇంటిదాకా ఆగే ఓపిక ఎవరికుంటుంది? దారిలోనే గుప్పిట్లో పోసుకుని నోట్లో వేసుకునేవాళ్లం. అంగిట్లో అతుక్కుపోయి, నాలుకతో ఎంత గీకినా రాదు. మూతుల చుట్టూ తెల్లగా, కోతుల్లా ఉండేవాళ్లం. పెద్ద వీధి పిల్లలు "పాలపిండి కిరస్తానోళ్లు వస్తున్నారొరేయ్" అని అరిచేవాళ్లు. మా ముత్తాత జ్ఞానస్నానం పుచ్చుకున్ననాటికి మా ఊరికి పాలపిండి రాలేదని వాళ్లకెవరు చెబుతారు?

మేం ఎప్పుడూ వరసలో చివర ఉండాలి. అది నాన్న పెట్టిన రూలు. "ఉపదేశి పిల్లలు ముందు నిలబడితే ఊరేమంటుంది?" అనేవాడు. మా వంతు వచ్చేసరికి రవ్వ అయిపోయిన రోజులున్నాయి. అమ్మ గిన్నె బోర్లించుకుని వచ్చేసేది. ఇంటికొచ్చాక నాన్నతో ఏమీ అనేది కాదు, గిన్నెను మాత్రం గట్టిగా పెట్టేది.

*

లారీ వచ్చినా రాకపోయినా మా ఇంట్లో ఒక పాత కుండ ఉండేది. పూట పూటా అన్నానికి బియ్యం కొలిచాక, అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేది అమ్మ. పిడికెడు బియ్యం అనేవాళ్లం. పేటలో చాలా ఇళ్లలో అంతే. ఆదివారం పూజకు పోతూ ఆ బియ్యం తీసుకుపోతే, గుడి గుమ్మం పక్కన బుట్టలో పోసేవాళ్లు. దొడ్డు బియ్యం, సన్న బియ్యం, నూకలు, అన్నీ కలిసిపోయి, ఆ అన్నం ఒక చోట ఉడికి ఒక చోట ఉడక్క ఉండేదని తిన్నవాళ్లు చెప్పుకునేవాళ్లు.

ఆ బియ్యం ఎవరికి పోవాలో విన్సెంట్ డి పాల్ సంఘంవాళ్లు చూసేవాళ్లు. పారిస్‌లో ఒజానాం అనే ఇరవయ్యేళ్ల కుర్రాడు, ఇంకొందరు స్నేహితులతో కలిసి 1833లో మొదలుపెట్టిన సంఘం మా కాలవగట్టు దాకా ఎలా వచ్చిందో నాకు అప్పుడూ ఆశ్చర్యమే, ఇప్పుడూ ఆశ్చర్యమే. పూజ అయ్యాక ఏడెనిమిది మంది మగవాళ్లు బడి గదిలో కూర్చునేవాళ్లు. చివర్లో ఒక గుడ్డ సంచి తిరిగేది. మూసిన పిడికిలి సంచిలో పెట్టి తీయాలి, ఎవరెంత వేశారో పక్కవాడికి తెలియకూడదు. ఒకసారి కుమ్మరిస్తే చొక్కా గుండీ ఒకటి పడింది. అది ఎవరిదో అందరి చొక్కాలూ చూస్తే తెలిసేది. ఎవరూ చూడలేదట.

ఇచ్చేటప్పుడు కూడా అంతే మర్యాద. ఇద్దరిద్దరుగా పొద్దుగూకాక పోయేవాళ్లు. బియ్యం మూట తువ్వాలు కింద. ముందు కూర్చుని మాట్లాడాలి, మంచీచెడ్డా అడగాలి, లేచేటప్పుడు మూట గోడ వార పెట్టేసి రావాలి. ఈ రోజుల్లో ఒక దుప్పటి ఇస్తే పదిమంది దాన్ని పట్టుకుని ఫొటో దిగడం చూస్తే నాకు ఆ తువ్వాలు గుర్తొస్తుంది.

*

నాకు పదేళ్లప్పుడు దివిసీమ ఉప్పెన వచ్చింది. 1977 నవంబరు 19, శనివారం. మా వైపు సముద్రం రాలేదు, గాలి వచ్చింది. పేటలో గుడిసెలు లేచిపోయాయి. రాత్రంతా మేమందరం గుడిలోనే. పైన పెంకులు కదులుతుంటే ముసలమ్మలు జపమాల మొదలుపెట్టారు. ఏ దేవరహస్యం దగ్గరున్నామో మరిచిపోయి మొదటికి వస్తున్నారు, మళ్లీ మొదలుపెడుతున్నారు. మర్నాడు క్రీస్తు రాజు పండుగ. ముందురోజు కట్టిన రంగు కాగితాల తోరణాలు తడిసి నేలకు అంటుకుపోయి, అందరి కాళ్లకూ ఎరుపు, నీలం.

కృష్ణ అవతల ఏం జరిగిందో రెండు రోజుల దాకా తెలియలేదు. తెలిశాక పేటలో ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే పిడికెడు బియ్యం కుండలు తెచ్చి గుడి ముందు బోర్లించారు. తమ ఇళ్ల మీద కప్పు లేదు అప్పటికి. ఫాదర్ గారు, నాన్న, ఇంకొందరు ట్రాక్టర్ మీద రేపల్లె పోయి, పెనుమూడి రేవులో ఏరు దాటి, పులిగడ్డలో దిగారు. అప్పుడక్కడ వంతెన లేదు.

తొమ్మిది రోజులకు తిరిగొచ్చాడు నాన్న. వేసుకున్న బట్టలు పెరట్లో తగలబెట్టించాడు. ముక్కుకు కట్టుకున్న గుడ్డ కర్పూరం వాసన. చనిపోయినవాళ్లు 10 వేల దాకా అని తర్వాత ప్రభుత్వ లెక్క వచ్చింది, అంతకంటే ఎక్కువని అక్కడివాళ్లు ఈ రోజుకీ అంటారు. నాన్న లెక్కలు చెప్పలేదు. చాలా కాలానికి ఒక్క సంగతి చెప్పాడు. ఒక అవ్వకు చీర ఇవ్వబోతే తీసుకోలేదట. "చీరలు నాలుగొచ్చాయి బాబూ. నా కొడుకు పేరు ఆ కాయితంలో ఎక్కలేదు. నీకు రాతొస్తే అది రాసిపెట్టు" అందట.

"అక్కడ పంచేవాళ్లు చాలామంది ఉన్నారు, రాసేవాళ్లు లేరు" అన్నాడు నాన్న.

ఆ తర్వాత తెనాలి వెళ్లినప్పుడు నాన్న ఒక దస్తా తెల్లకాగితాలు, ఒక డబ్బా కార్బన్ కాగితాలు కొనుక్కొచ్చాడు. కార్బన్ కాగితం నేను చూడడం అదే మొదలు. మొదటి రోజే తమ్ముడు దాన్ని ముఖానికి పూసుకుని దెబ్బలు తిన్నాడు.

*

నా దస్తూరీ బాగుంటుందని నాన్న నా చేత రాయించేవాడు. సాయంత్రం అరుగు మీద లాంతరు, పక్కన అర్జీ ఇచ్చేవాళ్లు. వితంతువు పింఛను, కాలవగట్టు మీద గుడిసెలకు ఇళ్ల స్థలాలు, రేషన్ కార్డులో పడిపోయిన పేరు, దొరగారి చేలో పాము కరిచి చనిపోయిన కూలీ. నాన్న చెప్పేవాడు, నేను బాల్ పెన్ను గట్టిగా నొక్కి రాసేదాన్ని. నొక్కకపోతే కింద కాగితంలోకి దిగదు. చూపుడు వేలి మీద కాయ కాసింది, ఇప్పటికీ తడిమితే తెలుస్తుంది.

"మహారాజశ్రీ తాసిల్దారు గారి దివ్య సముఖమునకు" అని మొదలు. "ఏమనగా" అని సంగతి. "కావున తమరు దయతలచి" అని ముగింపు. పై కాగితం ఆఫీసులో ఇవ్వాలి. కింది కాగితం మీద ముద్ర వేయించుకుని రావాలి. ఈ రెండోదే ముఖ్యం అనేవాడు నాన్న. ముద్ర వేయడానికి వాళ్లకు మహా కష్టంగా ఉండేది. ఒక ఆఫీసులో గుమాస్తా మూడుసార్లు తిప్పితే, నాలుగోసారి నాన్న సద్దిమూట విప్పుకుని ఆయన బల్ల ఎదురుగా నేల మీద కూర్చుని అన్నం తిన్నాడట. ముద్ర పడింది.

నేను హైస్కూల్లో ఉండగా పాత ఫాదర్ గారు బదిలీ అయిపోయి కుర్ర ఫాదర్ ఒకాయన వచ్చారు. బుల్లెట్ బండి, పొట్టి చేతుల చొక్కా. మా అమ్మకు నచ్చలేదు, "అంగీ లేకుండా స్వాములవారేంటి" అంది. ఒకరోజు మా అరుగు మీద కూర్చుని నేను రాస్తున్న అర్జీ తీసుకుని చదివారు. చివరిదాకా చదివి, "ఉపదేశిగారూ, ఈ స్థలం ఇవ్వాలని జీవో ఉంది కదా?" అన్నారు.

"ఉంది ఫాదర్."

"మరి దయ దేనికి?"

నాన్న వెంటనే జవాబు చెప్పలేదు. ఆయనకు ఆ మాట తీసేయడం మర్యాద తప్పినట్టు అనిపించింది, ముఖంలో తెలుస్తోంది. కాసేపటికి నా వైపు తిరిగి, "అమ్మాయ్, ఆ కాయితం చింపెయ్. చివర్న 'చట్ట ప్రకారం' అని రాయి" అన్నాడు. రెండు కాగితాలూ పాడయ్యాయని నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ తర్వాత మా అరుగు మీద 'దయతలచి' రాయలేదు. చింపిన ఆ కాగితం వెనక వైపు అమ్మ చాకలి పద్దు రాసుకుంది.

*

ఆ ఫాదర్ గారి గురించే ఇంకొకటి.

మా గుడిలో ముందు వరసలో ఆరు బల్లలుండేవి. వీపు ఆనే చోట ఇచ్చినవాళ్ల ఇంటి పేర్లు తెల్ల రంగుతో రాసి ఉండేవి. అవి పెద్ద వీధి అగ్రకుల కతోలికులవి. పేటవాళ్లకు వెనక చాపలు. ఇలా ఉండకూడదని రాసినవాళ్లు లేరు, ఇలాగే ఉండాలని రాసినవాళ్లూ లేరు. దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) దగ్గర కూడా వాళ్లు లేచి వచ్చాకే మేం లేచేవాళ్లం.

ఒక శనివారం రాత్రి ఫాదర్ గారు బడి పిల్లల్ని పిలిచి ఆ ఆరు బల్లలూ బడికి మోయించేశారు. పిల్లలు నేల మీద కూర్చుంటున్నారు, వాళ్లకు కావాలి అన్నారు, అంతే. మర్నాడు పెద్ద వీధివాళ్లు వచ్చి, గుమ్మంలో నిలబడి, చూసి, వెళ్లిపోయారు. మూడు ఆదివారాలు పక్క విచారణకు పోయారు. నాలుగో వారం ఒక పెద్దాయన ఒక్కడే వచ్చి మా నాయనమ్మ పక్కన చాప మీద కూర్చున్నాడు. మోకాళ్ల నొప్పులు. లేవలేక అవస్థ పడుతుంటే నాయనమ్మ చెయ్యి ఇచ్చింది. ఆ చెయ్యి పట్టుకోవాలా వద్దా అని ఆయన ఆలోచించిన ఆ కాస్త సేపూ గుడి గుడంతా చూస్తూనే ఉంది. పట్టుకున్నాడు.

మే 1న కార్మిక జోజప్ప (యేసు పెంపుడు తండ్రి యోసేపు) పండుగకు ఇంకో గొడవ. కూలివాడికి కుటుంబం గడిచేంత కూలి ఇవ్వాలని పోపుగారు 1891లోనే రాశారని, చేలు కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి దేవుడి చెవిలో మొరపెడుతుందని బైబిల్లో యాకోబు లేఖలో ఉందని ఫాదర్ గారు ప్రసంగం చేశారు. చేలున్నవాళ్లూ అక్కడే ఉన్నారు, కోసేవాళ్లూ అక్కడే ఉన్నారు. ఆ ఏడు కోతలకు కూలి పెరిగింది, మరీ అంత కాదు. మరుసటి ఏడు ఫాదర్ గారికి బదిలీ అయింది. రెంటికీ సంబంధం లేదన్నారు.

శ్మశానంలో గోడ మాత్రం కదల్లేదు. పెద్ద వీధివాళ్లు ఇటు, మేం అటు. 2016లో భారత బిషప్పులు దళితుల గురించి ఒక విధాన పత్రం తెచ్చి, గుళ్లలో, శ్మశానాల్లో ఈ అంటరానితనం ఉందని ఒప్పుకున్నారు. నాన్న అది పేపర్లో చదివి, "మనకు తెలిసిందేగా" అని మడత పెట్టేశాడు.

*

1985లో కారంచేడు, 1991లో చుండూరు. రెండు చోట్లా అగ్రకులాలవాళ్లు దళితుల్ని చంపారు. చుండూరు మాకు బాగా దగ్గర. తెనాలి శిబిరంలో ఉన్నవాళ్ల కోసం మళ్లీ కుండలు బోర్లించాం. ఈసారి బియ్యంతో పాటు నాన్న కార్బన్ కాగితాలు కూడా తీసుకుపోయాడు. సొంత ఊళ్లోనే కోర్టు పెట్టాలని వాళ్లు పట్టుబట్టి పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడిన రోజు నాన్న గుడికి పోయి వచ్చాడు. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసిన రోజు టీవీ కట్టేసి మంచినీళ్లు అడిగాడు.

మధ్యలో సారా వ్యతిరేక ఉద్యమం. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సంగతి రాత్రి బడిలో సిస్టరమ్మ చదివి వినిపిస్తే, మా పేట ఆడవాళ్లు అక్షరాలు పూర్తిగా రాకముందే సారా పాకెట్ల మీద పడ్డారు. మా పిన్ని ఆ రోజుల్లో నేర్చుకున్న సంతకం చివరిదాకా అలాగే పెట్టింది, పేరులో ఒక దీర్ఘం లేకుండా.

*

ఊరందరి అర్జీలూ రాసిన మా ఇంట్లో ఒక అర్జీ ఎప్పటికీ తెగలేదు.

1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందువులు కానివాళ్లు షెడ్యూల్డ్ కులాల కిందికి రారని. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. అందుకే మా వైపు చాలామందికి రెండు పేర్లు. గుడిలో మరియమ్మ, బడిలో లక్ష్మి. నేను ఎవర్నీ తప్పుపట్టను, పిల్లలు చదువుకోవాలి కదా. అయితే ఉపదేశి పిల్లలకు రెండో పేరు ఎక్కడినుంచి వస్తుంది? సైకిలు మీద శిలువ పెట్టుకుని పదకొండు ఊళ్లు తిరిగే మనిషి. మాకు బీసీ-సి, అంటే క్రైస్తవంలోకి మారిన దళితులకు పెట్టిన వర్గం. అందరికీ కలిపి ఒక్క శాతం రిజర్వేషన్.

తమ్ముడికి ఉద్యోగం కొద్దిలో పోయింది. అదే పేటలో, వాడికంటే తక్కువ మార్కులు వచ్చిన స్నేహితుడికి వచ్చింది. ఇద్దరూ ఒకే పూజకు పోయేవాళ్లు, ఒకే బావి నీళ్లు తాగేవాళ్లు, ఒకే తిట్లు తిన్నారు. ఆ రాత్రి తమ్ముడు అన్నం ముందు కూర్చుని, "నువ్వు ఉపదేశివి కాకుండా ఉండాల్సింది నాన్నా" అన్నాడు. నాన్న తలెత్తలేదు. అమ్మ గిన్నె పెట్టింది, ఈసారి చప్పుడు లేకుండా.

ప్రతి ఆగస్టు 10న నల్ల రిబ్బను పెట్టుకుని పూజకు పోయేవాళ్లం. నాన్న ఆ రోజు కలెక్టరుగారికి ఒక అర్జీ రాసేవాడు. ముద్ర వేయించుకున్న నకళ్లు ట్రంకు పెట్టెలో వరసగా ఉన్నాయి, మొదట్లో నా దస్తూరీ, నాకు పెళ్లయ్యాక తమ్ముడి దస్తూరీ, ఆఖరున నాన్న వణికే అక్షరాలు. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ ఆంథోనీ పూలగారు కార్డినల్ అయ్యారు, పోపుగారి తర్వాత అంత పెద్ద హోదా. దళితుల్లోంచి మొదటి కార్డినల్. అమ్మ టీవీలో ఆ ఎర్రటోపీ చూసి, "మీ నాన్న ఉంటేనా, మూడూళ్లకు గంట కొట్టేవాడు" అంది. మరుసటి ఏడు ఆంధ్ర అసెంబ్లీ కూడా దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసింది. మూడో పేరా అలాగే ఉంది.

*

పోయిన ఆగస్టులో ఊరికి వెళ్లాను. గుడికి గ్రానైట్ వేశారు. గంటకు స్విచ్ ఉంది. రవ్వ ఉడికిన వసారా కూలగొట్టి కల్యాణ మండపం కట్టారు. నల్ల రిబ్బన్లు గుండుసూదులతో సహా ప్యాకెట్లలో వచ్చాయి. పూజ అయ్యాక మా అరుగు మీద కూర్చున్నానో లేదో, మా పెద్దమ్మ వరస ఆవిడ కర్ర పోటేసుకుంటూ వచ్చింది. కళ్లు సరిగా కనబడవు.

"ఉపదేశి కూతురివేగా? నాకు పింఛను ఆగిపోయిందే. వేలిముద్ర పడడం లేదంటున్నారు. కాస్త రాసిపెట్టు."

తమ్ముడి కొడుకు నోటుపుస్తకంలోంచి కాగితం చింపి ఇచ్చాడు. రాశాను. చాలా ఏళ్లయింది చేత్తో ఇంత రాసి, వేలు లాగింది. చదివి వినిపించి, కాగితం మడిచి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఒకటేనా? రెండోది ఏదే?"

"ఫోన్లో ఫొటో తీశాను పెద్దమ్మా, ఉంటుంది."

"ఫొటో మీద ముద్రెక్కడ వేస్తారే? మీ నాన్న ఎప్పుడూ రెండు రాసేవాడు."

కార్బన్ కోసం పిల్లాడు రెండు కొట్లు తిరిగొచ్చాడు. లేదన్నారట. ఇంకో కాగితం చింపి ఇమ్మన్నాను.